జానెడు సందులో చెయ్యి

భుజం దాకా చెయ్యి లోపలికి పోయింది, ఇంక పోదు, అయినా పోవాలి, తెగిన తీగ మొదలు ఇంకా రెండు వేళ్ల కింద ఉంది. ఈ బోటు చేసిన మహానుభావుడెవడో గాని, ఇంజనుకూ వెనక గోడకూ నడుమ జానెడు సందు వదిలి, ఆ సందు అడుగున గేరు తీగ నట్టు పెట్టి, దాన్ని ఏ జన్మలో ఎవడు విప్పుతాడనుకున్నాడో, వాడి చేతులు పడిపోను, అనుకున్నాడు నతానియేలు. ఇంజను మీద బోర్లా పడుకుని ఉన్నాడు. చెంప కాలే ఇనుము మీద ఉంది, ముక్కు నిండా పెట్రోలు వాసన, అడుగున నిలిచిన మురుగునీళ్ల వాసన, పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు గాని చొక్కా అప్పుడే వీపుకు అంటుకుపోయింది. ఇక్కడ కళ్లతో పని లేదు, మూసుకున్నా ఒకటే తెరుచుకున్నా ఒకటే, వేళ్లే చూడాలి. చూపుడువేలు తడిమి చూసింది, ఇది బోల్టు తల, ఇది రబ్బరు గొట్టం అంచు, ఇది తుప్పు, ఇది తెగిన తీగ, పోగులు పోగులుగా విడిపోయి ఉంది, ఒక పోగు గోటి కిందికి దిగింది, నీ యమ్మ, రక్తం వచ్చే ఉంటుంది, రానీ. "ఇంగ తిప్పాల్నా?" అని గోడ అవతల నుంచి ఒక గొంతు అడిగింది. నడుము లోతు నీళ్లలో నిలబడి అడిగింది. ఆ గొంతు గలవాడి పేరు గురవయ్య. ఇరవై రెండేళ్ల కిందట నతానియేలు అన్న ఆశీర్వాదాన్ని నరుకుతుంటే కదలకుండా చేతులు రెండూ విరిచి పట్టుకున్నవాడు ఆ గురవయ్యే. ఇప్పుడు వాడి చేతులు రెండూ బోటు ఫ్యాను రెక్కల మీద ఉన్నాయి.

"ఉండప్పా, చెప్తా," అన్నాడు నతానియేలు.

అప్పా అంట! ఆ మాట నోట్లోంచి ఎట్లా ఊడిపడిందో, నాలుక తెగ్గోసుకోవాలనిపించింది. పని చేసే నోరది, ఎవడు పక్కన నిలబడితే వాణ్ణి అప్పా అంటుంది, అన్నా అంటుంది, దానికి సిగ్గూ లేదు పగా లేదు. పని సంగతి అంతే. ఈ రకం బోటుకు ఇంజను లోపల ఉంటుంది, దాని కాలు గోడను తొలుచుకుని బయటికి పోయి నీళ్లలో వేలాడుతుంది, ఆ కాలి చివర మూడు రెక్కల ఫ్యాను, నడుమ గేరు. గేరు వేసే తీగ తెగి, గేరు ముందుకు పడి, పడినచోటే ఇరుక్కుపోయింది. ఇంజను తిరిగిందంటే ఫ్యాను తిరిగి తీరుతుంది, మొన్న ఆదివారం ఇట్లాగే పోయి రేవు మెట్లను గుద్దింది. విడిపించాలంటే ఒక్కడి వల్ల కాదు. లోపలివాడు తీగ మొదలు పట్టుకుని కిందికి నొక్కాలి, అదే సమయంలో బయటివాడు ఫ్యానును రెండు చేతులా పట్టి అటూ ఇటూ ఊపాలి, అప్పుడు లోపలి పళ్లు ఒకదాన్నొకటి వదులుతాయి. ఒకడి చేతులు ఇంకొకడికి అప్పగించినట్టే. అందుకే నంద్యాల్లో మెకానిక్కు షెడ్డులో చేరిన మొదటి రోజే ఉస్తాదు ఒక పద్ధతి నేర్పాడు, చెయ్యి లోపల పెట్టే ముందు తాళం పీకాలి, పీకి జేబులో వేసుకోకూడదు, మొలతాడుకు కట్టుకోవాలి. జేబులోది ఎవడైనా అడిగితే ఇచ్చేస్తాం, మొలతాడుది అడిగే మొగోడు లేడు. ఉస్తాదుకు ఎడమచేతి బొటనవేలు లేదు, ఎవడో లారీ డ్రైవరు పాటలు విందామని తాళం తిప్పాడంట. మొలతాడు తియ్యమని పాస్టరు ఎన్నిసార్లు గొణిగినా నతానియేలు తియ్యలేదు, అది మొక్కు కాదు, పనిముట్టు. పొద్దున గురవయ్య చూస్తుండగానే చొక్కా ఎత్తి తాళం కట్టుకున్నాడు. అది చూశాకే వాడు నిశ్చింతగా నీళ్లలో దిగాడు. కాని తాళం లేకపోయినా ఇంజను తిరుగుతుంది, అది గురవయ్యకు తెలియదు. ఇంజనును లేపే సెల్ఫు మోటారు నెత్తిన రెండు రాగి మొనలుంటాయి, వాటి మీద ఒక స్పానరు అడ్డంగా ఆనిస్తే చాలు. ఆ మొనలు ఎడమచేతికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. స్పానరు ఎడమచేతిలోనే ఉంది. ఏదీ తను తెచ్చి పెట్టుకున్నది కాదు, ఒట్టు, ఎక్కడివక్కడ ఉన్నాయి.

"తిప్పు. రవంత ముందుకి. చాలు. మళ్లా ఎనక్కి."

"ఇట్లనా?"

"అట్లనే."

అట్లనే, అట్లనే పట్టుకో, గట్టిగా పట్టుకో, నువ్వు పట్టుకోవడంలో దిట్టవు గదరా. పొద్దున సాయినాథ్ సెట్టి కారులో పాణ్యం దాటి, బనగానపల్లె దాటి వస్తున్నంతసేపూ నతానియేలు హాయిగా ఉన్నాడు, అది తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. సెట్టి నంద్యాల్లో కిరాణా హోల్‌సేలు వ్యాపారం చేసుకుంటూ ఉండక, అవుకు రిజర్వాయరులో బోటు తిప్పితే జనం ఎగబడతారని ఎవరో చెబితే గోవా నుంచి ఈ పాత బోటు కొనుక్కొచ్చాడు, దారి పొడుగునా దాన్ని తిడుతూనే ఉన్నాడు, నతానియేలు నవ్వుతూనే ఉన్నాడు, మధ్యలో ఆగి ఉగ్గాని తిన్నారు, బజ్జీలు వేడిగా ఉన్నాయి. రేవులో దిగితే టిక్కెట్ల రేకుల షెడ్డు పక్కన ఒక ముసలివాడు నిలబడి ఉన్నాడు. మా గురవయ్య, బోటు ఈయప్ప చేతిలోనే ఉంటాది, అన్నాడు సెట్టి. జుట్టు నెరిసింది, పళ్లు రెండు పోయాయి, ఏ ఊళ్లోనైనా అట్లాంటి ముసలాళ్లు పదిమంది ఉంటారు, నతానియేలు పట్టించుకోనే లేదు. రాండప్పా, అన్నాడు వాడు. అంతే. ఆ గొంతు చెవిలో పడగానే ఎవడో తెలిసిపోయింది. ముఖం మరచిపోయాడు గాని గొంతు మరచిపోలేదు, ఆ గొంతే ఆ రోజు, పట్టుకున్నా, బిరీన కానీండి, అంది. బిరీన కానీండి. ఏదో మూట లారీకి ఎత్తిస్తున్నట్టు.

నట్టు కదిలింది. కదిలిందా, లేక వేలు జారిందా? ఊపిరి బిగబట్టి మళ్లీ తోశాడు. బొటనవేలితో నొక్కి పెట్టి చూపుడువేలితో తిప్పాలి, చర్మం ఊడితే ఊడనీ. జొన్నచేనులో ఆకులు ఇట్లాగే కోసేవి, ముఖం మీద, మెడ మీద, సన్నగా, తర్వాత చెమట పడితే మంట. పదిహేడేళ్లప్పుడు ఆ చేనులో గొంతుక్కూర్చున్నాడు. అన్నా తనూ ఒకే సైకిలు మీద వస్తున్నారు, ఆశీర్వాదం తొక్కుతున్నాడు, నతానియేలు వెనక కూర్చున్నాడు, ఒరే కాసేపు ఆపరా అని చేనులోకి పోయాడు, అంత మామూలు పని మీద పోయాడు, అందుకే బతికాడు. ఆశీర్వాదం ఎవణ్ణీ ఏమీ చెయ్యలేదు, ఊరి పెద్ద జీపు నడిపాడు, అంతే, జీపు నడిపేవాణ్ణి నరికితే జీపు ఆగిపోతుందని అవతలి వర్గం పెద్ద అనుకున్నాడు. ఐదుగురు వచ్చి పడ్డారు. ఆశీర్వాదం దారి పక్క కాలువలో దూకాడు, గురవయ్య వెనకే దూకి జుట్టు పట్టి గట్టుకు లాగాడు, చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. అన్నా, ఇడ్సిపెట్టన్నా, అని ఆశీర్వాదం వాణ్ణే బతిమాలాడు, నరికేవాళ్లను కాదు, పట్టుకున్నవాణ్ణి. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మెడ మీద, మూడో దెబ్బకు అరుపు ఆగిపోయింది, ఆ తర్వాత కూడా కొడుతూనే ఉన్నారు, తడిగుడ్డ బండకేసి బాదుతున్న చప్పుడు. నతానియేలు జొన్నకాడ పళ్ల మధ్య పెట్టుకుని కొరికాడు. నోరంతా తియ్యగా అయింది. ఆ తీపి తనకు ఇప్పటికీ గుర్తుంది, అన్నను చంపుతుంటే నోరు తియ్యగా ఉన్నవాడు, థూ, ఇంతకంటే నీచుడు ఎవడుంటాడు. ఒక్క రాయి తీసి విసరలేదు. ఒక్క కేక వెయ్యలేదు. పట్టపగలు, పది గంటలు, చుట్టూ ఎండ.

"ఏమప్పా, పలకవే? ఊపుతాండా."

"ఊపు, ఊపు. ఆపొద్దు."

ఆపొద్దు. స్పానరు ఎడమచేతిలో చెమటకు జారుతోంది, ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాడు. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగితే చాలు, వాడి వేళ్లు రెక్కకూ కాలికీ నడుమ పడతాయి, చెరుకుగడ మిషన్లో పెట్టినట్టే, వేళ్లు, ముంజేతులు, వాడు అరుస్తాడు, అరవనీ, అన్నా ఇడ్సిపెట్టన్నా అని ఫ్యానును బతిమాలుకోమను. చావకపోతే మరీ మంచిది. అన్నం ఎవరో కలిపి పెట్టాలి, లుంగీ ఎవరో కట్టాలి, ముడ్డి ఎవరో కడగాలి, ఇరవై ఏళ్లు అట్లా బతకాలి నా కొడుకు. ఎంత సుఖంగా ఉందో ఆ తలపు, దాహానికి చల్లటి నీళ్లు తాగినట్టు ఉంది. ఎవడు అడుగుతాడు? వైరు తగిలింది అంటాడు. మిషన్లు అన్నాక తగులుతాయి. నంద్యాల కోర్టులో అంతకంటే పెద్ద అబద్ధం చెప్పాడు, ఎవడూ ఏమీ అనలేదు.

ఆ కోర్టుకు కొత్త చొక్కా వేసుకుని పోయాడు, నీలం రంగుది, ఎవరు కొనిచ్చారో తెలిసే వేసుకున్నాడు. అప్పటికే పెద్దలిద్దరూ రాజీ అయిపోయారు, ఒకరి కూతురి పెళ్లిలో ఇంకొకరు పక్కపక్కన కూర్చుని తిన్నారు కూడా, చచ్చినవాళ్లు చచ్చారు, మిగిలినవాళ్లు కేసులు ఎత్తేసుకుందాం అనుకున్నారు. ఎత్తేసుకోవడానికి ఒక్కడు అడ్డం, జొన్నచేనులో కూర్చున్నవాడు. అమ్మ సారమ్మ ఆ ముందురోజు కొడుకు కాళ్లు పట్టుకుంది. కన్నతల్లి కాళ్లు పట్టుకుంటే మనిషి ఏమవుతాడు? నాకి నువ్వొక్కనివే ఉండావు నాయనా, కానరాలేదని చెప్పు, అంది. గుర్తుపడతావా అని వకీలు అడిగితే, బోనులో ఉన్న నలుగురినీ ఒక్కొక్కరినే నిదానంగా చూశాడు, అట్లా చూడమని చెప్పి పంపారు, నిజంగా వెతుకుతున్నట్టుండాలని. గురవయ్య తన కాళ్ల వేళ్లు చూసుకుంటున్నాడు. మసక చీకటి సార్, ఎవరో కానరాలా, అన్నాడు. పది గంటల ఎండను మసక చీకటి చేసి వచ్చాడు. నెల తిరక్కుండా ఇంటి ముందు ఒక పాడి బర్రెను కట్టేసి పోయారు, నల్లటిది, మంచి ఈతలో ఉన్నది. దాని పాలు తాగాడు. పోనీ తాగకుండా ఉన్నాడా, పొద్దునా సాయంత్రం గ్లాసెడు తాగాడు, ఒళ్లు చేశాడు, ఆ ఒంటితోనే ఉస్తాదు షెడ్డులో ఇంజన్లు ఎత్తాడు. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కే ఆయన దగ్గరికి పోయి సమాధికి రాయి చెక్కించారు, ఎట్ల పోయినాడమ్మా అని ఆయన ఉలి ఆపి అడిగాడు, అమ్మ వెంటనే, ఏమీ వద్దయ్యా, మరణించెనని రాయి చాలు, అంది. మరణించెను. జ్వరమొచ్చి మరణించినట్టు. ఇరవై ఏళ్లుగా నతానియేలు ఆ రాయి ముందు మోకాళ్లూనుతూనే ఉన్నాడు, ప్రార్థన ఏమీ రాదు, మంట వస్తుంది, ఇంటికొచ్చి కంచం విసిరేస్తాడు, భార్య కమలాక్షమ్మ ఏమీ అడక్కుండా మెతుకులు ఎత్తుతుంది, ఆ ఎత్తడం చూస్తే ఇంకా కోపం. ఒకసారి ఆమె మీద చెయ్యి ఎత్తాడు, ఎత్తి ఆపలేదు. ఆమె ఏం చేసింది పాపం? కొట్టాల్సిన చెంప ఇక్కడ అవుకులో ఉంది, గోడ అవతల, మూరెడు దూరంలో.

ఎండ నెత్తికెక్కింది. కుడిచెయ్యి తిమ్మిరెక్కి, ఎవరిదో చెయ్యి భుజానికి తగిలించినట్టుంది, అయినా అది తన పని తాను చేసుకుపోతోంది, తీగ మొదలు పట్టుకుంది, నొక్కుతోంది, వదులుతోంది, మళ్లీ నొక్కుతోంది. గట్టున సెట్టి ఫోనులో ఎవరితోనో రేపటికి బోటు రెడీ అని అరుస్తున్నాడు. ఫ్యాను ఊగుతోంది, గోడలోంచి ఆ ఊపు మోచేతికి తెలుస్తోంది. అప్పుడు గురవయ్య అన్నాడు, మెల్లగా, గోడకు నోరు ఆనించినట్టుగా:

"నువ్వు సారమ్మ కొడుకువు గదా."

గుండె ఒక్కసారి ఇంజను మీద తన్నింది. తెలుసా వీడికి? తెలిసీ దిగాడా నీళ్లలో?

"కారు దిగంగానే అనుకుంటి. అమ్మ పోలికే. బాగుండాదా ఆయమ్మ?"

"సచ్చిపోయింది. పోయిన యాడాది."

"అయ్యో," అన్నాడు గురవయ్య. "మంచి మనిషప్పా. నువ్వు సాక్ష్యం చెప్పే ముందు, కోర్టు కాడ చింతచెట్టు కింద, ఈ రెండు చేతులూ పట్టుకుని ఏడిసింది. ఉన్న ఒక్కన్ని ఇడ్సిపెట్టు నాయనా అని. నాయనా అనింది నన్ను. ఈ చేతుల్నే పట్టుకుని…"

ఈ చేతుల్నే. అమ్మ ఆ చేతుల్ని పట్టుకుంది. కొడుకును పట్టిన చేతుల్ని, ఆ మణికట్లను, తన చేతులతో, కన్నీళ్లు పెట్టుకుని, నాయనా అని. ఎందుకు పట్టుకుంది? వీడి కోసం, జొన్నకాడ కొరికిన ఈ పిరికిముండాకొడుకు కోసం. ఆమె ఎన్నడూ చెప్పలేదు, చచ్చేనాడు కూడా చెప్పలేదు, లోపలే దాచుకుని పోయింది, ఈ మాట ఈ గురవయ్య నోట వినాలా, అయ్యో అంటాడా, ఎవరిని అంటాడు అయ్యో, నీ యబ్బ, నా యమ్మ పేరెత్తుతాడా, అంటూ ఎడమచెయ్యి లేచింది, లేచి స్పానరును రెండు రాగి మొనల మీద అడ్డంగా ఆనించింది.

నీలంగా మెరిసింది. సెల్ఫు మోటారు గుర్రుమంది, ఇంజను ఒళ్లు విరుచుకుంది, అప్పుడు గాని తెలియలేదు, తన కుడిచెయ్యి ఆ ఇంజను వెనకే ఉందని, తాళం మొలతాడుకు కట్టుకున్నది ఆ చెయ్యి కోసమేనని. తిరిగే చక్రం చొక్కా చేతిని పట్టింది, చొక్కాతో పాటు చర్మాన్ని పట్టింది, ముంజేతి నుంచి మోచేతి దాకా నిప్పు పరుచుకుంది, నతానియేలు అరిచాడు, జొన్నచేనులో అరవవలసిన అరుపంతా అరిచాడు. స్పానరు ఎగిరి గోడ అంచు మీద పడింది. ఇంజను ఆగింది. చెయ్యి ఊడబెరికి బయటికి లాగాడు, ఎర్రగా, తోలు వేలాడుతూ, వేళ్లు ఐదూ ఉన్నాయి, కదులుతున్నాయి. గోడ అవతల ఏ అరుపూ లేదు. ఎందుకు లేదు? చచ్చాడా అప్పుడే? అప్పుడు గోడ అంచు మీద ఒక చెయ్యి పడింది, తర్వాత ఇంకొక చెయ్యి, తడిసి, ముడతలు పడి, నిండుగా పది వేళ్లు, వాటి మధ్య గురవయ్య ముఖం లేచింది.

"గేరు ఇడ్సిపోయిందప్పా," అన్నాడు, రొప్పుతూ. "ఇంజను తిరిగినా ఫ్యాను తిరగల్యా. రవంతసేపాయ అది వట్టిగా ఊగుతాండాది. చెప్తామనుకుంటి, మీ యమ్మ మాట వచ్చేసరికి మరిసిపోతి."

విడిపించింది తనే. బుర్ర ఒకవైపు హత్య చేస్తుంటే ఈ చెయ్యి ఇంకోవైపు గేరు విడిపించి పెట్టింది, ఉస్తాదు నేర్పినట్టు, శుభ్రంగా, అడిగినవాడు లేకుండా. గురవయ్య చూపు సెల్ఫు మోటారు మీద పడింది, మాడిన రాగి మొనల మీద, అంచు మీద పడి ఉన్న స్పానరు మీద, దాని నడుమ నల్లగా కాలిన మచ్చ మీద. అంతా చూశాడు. వాడికి చెప్పవలసిన అవసరం లేదు, చంపడం ఎట్లా ఉంటుందో వాడికి తెలుసు.

సెట్టి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు, ఫోను చేతిలోనే ఉంది. "ఏందీ అరుపు? సెల్ఫు ఎవరు కొట్టినారు? తాళం యాడుండాది? అయ్యయ్యో, చెయ్యి సూడు ఎట్లయిందో!"

"ఎవరూ కొట్టల్యా సెట్టీ," అన్నాడు గురవయ్య. చెయ్యి చాపి ఆ స్పానరును మెల్లగా నీళ్లలోకి తోసేశాడు. "వైరు తగులుకున్నట్టుండాది. పాత బోటు గదా."

ఎంత తేలిగ్గా వచ్చిందో వాడి నోట. నతానియేలు ఆ మాట విని చెయ్యి మంట మరచిపోయాడు. ఊఁ అంటే చాలు, అయిపోతుంది, ఇంకొక రాజీ, ఆసుపత్రి, కట్టు, ఇంటికి పోయి మళ్లీ కంచం విసరడం. వీడు తనకు సాక్ష్యం చెబుతున్నాడు. వీడి దయ మీద తను ఇంటికి పోవాలి. ఆ పాలు తాగడమే చాలా ఎక్కువ, ఇది మింగితే మనిషి కాదు.

"కాదు సెట్టీ. వైరు కాదు. నేనే ఆనించినా. ఈయప్పను సంపుదామని ఆనించినా."

"ఏం మాట్లాడతాండావప్పా? మతి పోయిందా?"

"మా యన్న ఆశీర్వాదాన్ని నరికితే చేతులు ఇరిసి పట్టుకున్నింది ఈయప్ప. కాలవ గట్టున. పొద్దున పది గంటలకి. నేను జొన్నచేన్లో ఉండా. సూసినా. కానరాలేదని కోర్టులో అబద్ధం చెప్పినా. మసక చీకటి కాదు, ఏం కాదు, అంతా కనపడె నాకి."

"సరే లేప్పా, ఎప్పటిదో అది, రక్తం కారతాండాది, పా ఆస్పత్రికి పోదాం, పా."

"ఇను. ఇన్నాకే పోదాం." కుడిచెయ్యి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, రక్తం మోచేతి నుంచి ఇంజను మీదికి చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఒక్కొక్క పేరూ ఇంటిపేరుతో సహా చెప్పాడు. మొదటి దెబ్బ కొట్టినవాడి పేరు. రెండో దెబ్బ కొట్టినవాడి పేరు. సైకిలును కాలువలో తోసినవాడి పేరు. సెట్టి బెదిరిపోయి అటూ ఇటూ చూశాడు. "నాలుగోవాడు ఈయప్ప, గురవయ్య. ఐదోవాడు మాత్రం నాకి తెలీదు సెట్టీ. మా తట్టు మనిషి కాదు. ఎర్ర తువ్వాల ముఖానికి సుట్టుకోనుండె. అన్న పడిపోయినంక కూడా వాడే ఆపకుండా కొడతాండె."

గురవయ్య ఇంకా నీళ్లలోనే ఉన్నాడు. గోడ అంచు మీద చేతులు తియ్యలేదు. తల వంచుకుని చాలాసేపు ఆ చేతుల్నే చూసుకున్నాడు, పారిపోతాడేమోనని నతానియేలు అనుకున్నాడు, పారిపోలేదు.

"వాడు నా తమ్ముడు," అన్నాడు. "బతికే ఉండాడు. ప్యాపిలిలో. పేరు చెప్తా, రాసుకో సెట్టీ."